బట్టీ మీది జాడీ

రొట్టెలు కాల్చే పెద్ద మాస్టరు గుమ్మంలో నిలబడి శపించి వెళ్ళాడనీ, అందుకే ఆ బేకరీలో రొట్టె పొంగడం మానేసిందనీ వీధి వీధంతా నమ్మింది. రెండు సంగతులు వెనకా ముందుగా జరిగితే చాలు, మొదటిదే రెండోదాన్ని కన్నదనుకోవడం మనుషులకు అలవాటు. ఒక వాయి చెడినందుకే కదా ఆయనను పనిలోంచి తీసేశారు, అంటే రొట్టె చెడింది ముందు, ఆయన వెళ్ళింది తరువాత అన్న ముక్క ఎవరికీ తట్టలేదు.

ఆయన కింద పనిచేసిన చిన్న మాస్టరుకు మాత్రం తట్టకేం! ఆ బేకరీలో రొట్టెను పొంగించేది తల్లిపిండి; ఏళ్ళ తరబడి రోజూ కాస్త పిండీ నీళ్ళూ పోస్తూ జాడీలో సాకుతున్న పులిసిన ముద్ద. దాన్ని గోడవారన చల్లని అరలోనే ఉంచాలన్నది పెద్ద మాస్టరు కట్టడి. ఒక చలి మధ్యాహ్నం, తొందరగా పొంగుతుంది కదా అని చిన్న మాస్టరు జాడీని బట్టీ మీద పెట్టి, కబుర్లలో పడి మరిచిపోయాడు. గుర్తొచ్చి తీయబోతే జాడీ చెయ్యి కాలేంత వేడిగా ఉంది. చప్పుడు చెయ్యకుండా మళ్ళీ అరలో పెట్టేశాడు. మర్నాడు రొట్టె చెడింది. తల్లిపిండి పెద్ద మాస్టరు చేతి కిందిది కాబట్టి తప్పూ ఆయనదే అయింది. నోరు విప్పవలసిన చోట చిన్న మాస్టరు నోట్లో పిండిముద్ద ఉన్నట్టు ఊరుకున్నాడు.

అంతటితో ఆగినా బాగుండేది.

"వెళ్తూ వెళ్తూ ఏమన్నాడ్రా?" అని కౌంటరు దగ్గర కూర్చునే అక్క అడిగింది.

"ఏదో గొణిగాడక్కా. శపించినట్టే ఉంది."

సాయంత్రానికల్లా ఆ మాటకు కాళ్ళొచ్చాయి.

పిండికి చలేస్తోందేమోనని యజమానురాలు జాడీని ఇక బట్టీ మీదే ఉంచమంది. కొత్త పిండి పోస్తారు, వేడికి అది చస్తుంది, మళ్ళీ పోస్తారు. దించమందామంటే, నీకెలా తెలుసంటారు. చిన్న మాస్టరు కాలుగాలిన పిల్లిలా బట్టీ చుట్టూ తిరిగేవాడు. పిసికిన పిండినే మళ్ళీ పిసికేవాడు. ఇంట్లో మెతుకులు కెలుకుతూ కూర్చుంటే, "పిసకడానికి అదేం పిండి కాదు, తినండి," అనేది భార్య.

ఒక ఉదయం యజమానురాలు చెడిన రొట్టెల్ని బల్ల మీద కుప్పపోసి తల పట్టుకుంది.

"గోడ కట్టుకోవచ్చమ్మగారూ," అంది అక్క. "సున్నం కూడా అక్కర్లేదు."

"నీ వెటకారం ఆపు." యజమానురాలు చిన్న మాస్టరు వైపు తిరిగింది. "నువ్వెళ్ళు బాబూ. అన్న మాట వెనక్కి తీసుకోమని ఆయన్ని బతిమాలు. చెవులారా విన్నవాడివి నువ్వేగా."

"నేనా అమ్మగారూ?"

"మరి నేనా? పాపం, ఆయన బతుకూ ఏం బాగాలేదట. శాపం నోరని ఏ బేకరీవాళ్ళూ గుమ్మం తొక్కనివ్వట్లేదట."

చిన్న మాస్టరు ఏప్రను ముడి విప్పబోయాడు. అది మరింత బిగుసుకుంది. వదిలేసి, గుడ్డ పట్టుకుని, బట్టీ మీది జాడీని దించి గోడవారన అరలో పెట్టాడు.

"అదేంటి, దించావు?"

"నేనే చంపానమ్మగారూ."

అక్క చెయ్యి నోటికి పోయింది. "ఎవర్నిరా?"

"తల్లిపిండిని."

మొదట మాటలు తడబడ్డాయి. తరువాత ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. చలి మధ్యాహ్నం, కబుర్లు, కాలిన చెయ్యి, అన్నీ చెప్పేశాడు. చెప్పడం అయ్యేసరికి అతనికి ఎన్నాళ్ళకో ఆకలి వేసింది. ఎదుటి కుప్పలోంచి ఒక గట్టి ముక్క విరిచి కరకరా నమిలాడు.

"నీ సంగతి తర్వాత చూస్తాను," అంది యజమానురాలు, కొంగు భుజాన సర్దుకుని లేస్తూ. "ముందు ఆయనింటికి పద. ఇదే ముక్క వీధంతా వినేలా ఆయన ముందు చెప్పాలి."

"చెప్తానమ్మగారూ."

అక్కకు ఇంకా నమ్మకం కుదరలేదు. "పిండి సంగతి సరేరా, శాపం మాటేంటి? గుమ్మంలో ఆయన పెదాలు కదలడం నేనూ చూశాను."

చిన్న మాస్టరు నమలడం ఆపి తల వంచుకున్నాడు. ఆ రోజు గుమ్మంలో పెద్ద మాస్టరు అన్నది ఒకే ఒక్క మాట, అదీ అతనికి మాత్రమే వినపడేలా: "జాడీని ఇంకెప్పుడూ బట్టీ మీద పెట్టకు నాయనా, చచ్చిపోతుంది."