మలారం విప్పకముందే

దగ్గరికి జరుగు పాపా, నా మోకాలికి ఆనుకొని కూర్చో. మీ అమ్మ మోకాళ్ల కథ ఇది.

ఎనభై రెండులో మీ అమ్మ చెన్నమ్మకు ఏడేళ్లు. నడిస్తే మోకాళ్లు రెండూ రాసుకునేవి. కాళ్లు ఇంకా వంకరపోతే రేపు మగ్గం గుంటలోకి ఎలా దిగుతుందని నా దిగులు. ధర్మవరంలో ఒక డాక్టరమ్మకు చూపించాను. ఆమెది తాడిపత్రి. తెలియనిది తెలియదనే చెప్పింది.

"బెంగళూరు లైబ్రరీకి రాసినా లక్ష్మీనరసమ్మా. ఆడ కంప్యూటర్ ఉండాది. నాకేం కావాలో నా పేరు మీద రాసి పెట్టుకొని, కొత్తగా అచ్చయిన వైద్యం వ్యాసాల్లో నాకు పనికొచ్చేవి ఏరి, నెలనెలా వాటి పేరూ సారమూ ఉన్న చీటీలు పంపుతారు," అంది.

మొదటి నెల కట్ట జానెడు మందం వచ్చింది. ముసలివాళ్ల ఎముకలు, విరిగిన ఎముకలు, చివరికి ఎద్దుల ఎముకలు కూడా. డాక్టరమ్మ పనికిరానివాటి మీద ఎర్ర సిరాతో కొట్టేస్తూ కూర్చుంది.

"కష్టపడి రాసినోళ్లు ఏమనుకుంటారమ్మా?" అన్నాను.

"వాళ్లకు తెలీదులే. ఇవి తిరిగి బెంగళూరు పోతాయి. వచ్చే నెల ఇట్లాంటివి పంపరు."

"మా గాజుల జమాల్ సాబ్ మాదిరి. నల్లవి వద్దని రెండుసార్లు అంటే చాలు, ఆపైన గాజుల మూట, ఆ మలారం విప్పకముందే నాకు నచ్చేవి పక్కకు తీసి పెట్టింటాడు."

డాక్టరమ్మ నవ్వింది. "ఆయప్ప మాదిరే. అయితే నేనే సరిగ్గా అడిగినట్టు లేదు. పాపకు ఎప్పటినుంచి ఇట్లుండాది?"

"మా వీధిలో బోరు ఏసిన మరుసటేడు నుంచి."

ఆమె కలం ఆగింది. బెంగళూరుకు రాసే కాగితంలో 'పిల్లలు, వంగిన ఎముకలు' అని ఉన్నచోట 'బోరు నీళ్లు' అని చేర్చి పంపింది.

మరుసటి నెల మూడే చీటీలు. అందులో ఒకటి మనలాగే వానల్లేని ఎక్కడో ఒక సీమ పిల్లల గురించి. అవే మోకాళ్లు, అవే లోతు బోరు నీళ్లు. డాక్టరమ్మ ఆ వ్యాసం మొత్తం తెప్పించి చదివి, మన నీళ్లు పరీక్షకు పంపింది. బోరులో ఎముకల్ని వంచే ఫ్లోరైడ్ ఉందట. ఊరవతల పాత బావి నీళ్లు మంచివేనట.

ఇక నేను బిందె ఎత్తుకున్నాను. పక్కింటి ఆంజినమ్మ ఊరుకుంటుందా?

"వాకిట్లో బోరు పెట్టుకొని ఊరవతలకు పోతాండావే, నీకు కావాల్సింది నీళ్లా, షికారా?"

"రెండూనే. నువ్వూ రా," అన్నాను. వారం తిరక్కుండా ఆమె బిందె కూడా నా వెనకే వచ్చింది.

మీ అమ్మ కాళ్లు పూర్తిగా చక్కబడలేదు గానీ, వంగడం అక్కడితో ఆగింది. అదుగో, మగ్గం చప్పుడు వినపడుతోందా? ఆ తొక్కుడు ఆ కాళ్లదే. తర్వాత పుట్టిన మీ మామకు అసలు వంకే రాలేదు.

నీ పిల్లలకు ఇది చెప్పేటప్పుడు డాక్టరమ్మ గురించీ చెప్పు, జమాల్ సాబ్ గురించీ చెప్పు. ఒకరిని వదిలేస్తే కథ కుంటుతుంది.