రెండో నౌక

కలకత్తాలో ఓడల కార్ఖానా దగ్గరి మెటియాబ్రుజ్‌లోని ఒంటిగదిలో జగ్గమ్మ, చనిపోయిన మొగుడు కూర్మయ్య చొక్కాకు నిప్పురవ్వలు చేసిన చిల్లుల మీద అతుకులు వేస్తోంది. పారెయ్యడానికి చేతులు రాక, ఎదురుగా కూర్చున్న బావ, మొగుడి అన్న గవరయ్యకు ఇద్దామనుకుంది.

“కడతన్న యుద్ధనౌక అడుగున పొగ కమ్మితే అందరూ పైకొచ్చీసినారు. ఈయన మాత్రం రెండోపక్క దారుందని లోపలికి పోనాడంట. ఆ మాట ఎవులు సెప్పినారు బావా? పని సేయించే మిస్త్రీని అడిగితే బీడీ ఎలిగించుకొని పక్కకి సూసేడు.”

తమ్ముడికి ఆ మాట చెప్పింది గవరయ్యే. అదే తరహా నౌకల్లో మొదటిదానికి ఆ దారిని ఉక్కు పలకలో తన చేత్తోనే కోశాడు. రెండోదీ అచ్చం అలాంటిదేననుకున్నాడు. కొత్త యంత్రాల కోసం నమూనా మార్చి అక్కడ ఉక్కుగోడ నిలబెట్టారని తమ్ముడు పోయాకే తెలిసింది.

జగ్గమ్మ దారం పంటితో కొరికి చొక్కా అందించింది. “తొడుక్కో బావా. నీకు సరిపోద్ది.”

గవరయ్య తొడుక్కున్నాడు. గుండీలు పెట్టుకోకుండానే గడప దాటి వెళ్ళిపోయాడు.