దెబ్బ తగలనిది

గిన్నె అడుగున నీళ్లు మిగిలితే పారబోసి కడగడం ఏడేళ్ల వయసు నుంచీ నాకు అలవాటు. ఆ అలవాటే ల్యాబులో కొంప ముంచింది. అక్కడ నా పని గాజు సామాను కడగడం. ఆ రోజు బల్ల మీద ఒక సీసాలో కాసిని గులాబీ రంగు నీళ్లున్నాయి. సీసా మీద ఏదో రాసి ఉంది. నాది మూడో తరగతి చదువు, ఆ కోడిగీతలు కూడబలుక్కునే ఓపిక లేదు. ఎవరో వాడేసిన నీళ్లనుకుని పారబోసి, సీసా తళతళలాడేలా తోమి బోర్లించాను.

పరిశోధన చేసే పిల్ల వచ్చి చూసి తల పట్టుకుని కూలబడింది. వారం రోజుల పని ఆ నీళ్లలోనే ఉందట. తిట్టలేదు. తిడితే బాగుండేది, నాకది అలవాటే.

మర్నాడు కూర్చోబెట్టి చెప్పింది. ఒక గిన్నెలో కణాల మీద కిరణాలు పడేస్తారట. అవి దెబ్బతింటాయి, సరే. కానీ దెబ్బతిన్నవి ఊరుకోవట, తామున్న నీళ్లలోకి ఏదో వదులుతాయట. ఆ నీళ్లు వడగట్టి, కిరణమన్నదే ఎరగని ఇంకో గిన్నెలో పోస్తే అందులోవీ పాడవుతాయట. కొన్ని చస్తాయి, కొన్ని బతికి వంకరగా పెరుగుతాయి.

"వాటినెవరూ ఏమీ చెయ్యలేదు కదే?" అన్నాను.

"ఏమీ చెయ్యలేదు అమ్మమ్మా. పక్కవాటి కబురు అందింది, అంతే."

చేతిలో తుడుపు గుడ్డ మడత పెట్టాను. ఆ రెండో గిన్నెలో నేను పన్నెండేళ్లు కాపురం చేశాను.

మాది రెండు గదుల వాటా. ఒక గదిలో మేము, పక్క గదిలో బావగారు, మా తోడికోడలు. ఆవిణ్ణి అక్కా అనేదాన్ని. ఆయన్ని బావగారని అలవాటు కొద్దీ అంటున్నాను, మర్యాద కొద్దీ కాదు. కూరలో నూనె ఎక్కువైనా కొట్టేవాడు, తక్కువైనా కొట్టేవాడు. అక్క అరిచేది కాదు. ముందు కుర్చీ జరిగిన చప్పుడు, తర్వాత గోడకు తల తగిలిన చప్పుడు. ఇవతల నా కూరలో ఉప్పు రెండుసార్లు పడేది.

మా ఆయన చెయ్యెత్తే మనిషి కాదు. ఆయనకా అవసరమే రాలేదు. పుట్టింటికి వెళ్తానన్నా, కుట్టుపని నేర్చుకుంటానన్నా, జ్వరమొచ్చి లేవలేనన్నా, చదువుతున్న పేపరు మడిచి గోడ వైపు తల ఊపి ఒక్క మాట అనేవాడు.

"వినపడుతోందా?"

నేను లేచి పని చూసుకునేదాన్ని. చుట్టాల్లో మాత్రం, నా పెళ్లాం మీద ఏనాడైనా చెయ్యెత్తానా అని గొప్పగా చెప్పుకునేవాడు. అందరూ నా అదృష్టానికి మురిసిపోయేవాళ్లు. నేనూ మురిశాను. ఇప్పటికీ నాకు సిగ్గు అదే.

పన్నెండేళ్లయ్యాక వాళ్లు వేరే ఇంటికి మారిపోయారు. అక్క పోయి మూడేళ్లయింది. కిందటి నెల బావగారికి పక్షవాతం వచ్చి మంచాన పడ్డాడు. ఇక్కడికే తెచ్చుకుందాం, నువ్వు చూసుకుందువుగాని అన్నాడు మా ఆయన. నేను అంట్లు తోముతూనే ఉంటే, అన్నయ్య నిన్నేం చేశాడు, నీ ఒంటి మీద చెయ్యి వేశాడా అన్నాడు. ఆ పిల్ల చెప్పకముందైతే నా దగ్గర జవాబు ఉండేది కాదు.

తీసుకురండి అన్నాను. పక్క గదిలోనే మంచం వేయించాను, గోడకు ఆనించి.

వచ్చిన మర్నాడు నాకు సెలవు. మధ్యాహ్నం మా ఆయన పేపరు చదువుతున్నాడు. నేను ఎదురుగా కాళ్లు చాపుకుని కూర్చున్నాను. గోడ అవతల బావగారు మంచినీళ్లు అడిగాడు. మళ్లీ అడిగాడు. పక్క తడిసిందన్నాడు. ఆఖరికి ముద్దముద్దగా, ఏడుపు గొంతుతో, అమ్మాయ్ అని పిలిచాడు. ఆ పిలుపు నాకే. మా ఆయన పేపరు మీంచి నావైపు చూశాడు. నేను కదల్లేదు. ఆయనకూ డెబ్బై దాటాయి. రేపో మాపో ఆ మంచమెక్కవలసినవాడే. ఆ సంగతి ఆయనకు తెలుసో లేదో గాని, నాకు బాగా తెలుసు.

ఆయన చేతిలోంచి పేపరు తీసుకుని నెమ్మదిగా మడిచాను. గోడ వైపు తల ఊపాను.

"వినపడుతోందా?"

ఆయన మొహంలో రంగు మారింది. లేచాడు. నీళ్లు తాగించబోయి సగం నేల మీదే పోశాడు. అన్నగారి పక్క మార్చాడు. తిరిగొచ్చి, నేను అడక్కుండానే నా టీ గ్లాసు కూడా తీసుకెళ్లి కడిగాడు. ఇప్పుడు రోజూ కడుగుతున్నాడు. నేను ల్యాబు నుంచి వచ్చేసరికి గుమ్మంలో నిలబడి, ముందు నా మొహం చూసి, ఆ తర్వాతే నోరు విప్పుతాడు.

నేనాయన మీద ఏనాడూ చెయ్యెత్తలేదు.