వెనక గేటు

కాపలా గదిలో సిపాయి ఆమె సంచీ తెరిచి, టిఫిను డబ్బా మూత కూడా తీసి చూసి, మళ్ళీ జాగ్రత్తగా మూత పెట్టాడు. ఆమె చేతులు కొంచెం ఎడంగా పెట్టి నిలబడింది. పెట్టమని ఎవరూ అడగలేదు, అలవాటు మీద వాటంతటవే లేస్తాయి. కిటికీలోంచి మిలిటరీ స్థావరం లోపలి రోడ్డు కనిపిస్తోంది. రెండు పక్కలా సున్నం కొట్టిన రాళ్ళు, వాటి వెనక ఒకే ఎత్తుకి కత్తిరించిన పొదలు.

"కూర్చోండమ్మా, లోపలికి ఫోన్ చేస్తున్నా."

"చెయ్యి బాబూ. నాకేం తొందర లేదు."

బెంచీ అంచున కూర్చుంది. పొట్టి మనిషి. పాదాలు నేలకి సరిగా ఆనక, మడమలు గాలిలో ఉంటాయి. జుట్టు ముందువైపు పలచబడి, పాపిడి వెడల్పయింది. కళ్ళజోడు కాడ విరిగిన చోట సన్నటి తీగ చుట్టి ఉంది. వీధి చివర ఎదురుపడినా గుర్తు పట్టి ఆగే మొహం కాదు.

పురపాలక ఆఫీసులో ఆమె బల్ల మీద 'సమన్వయం' అని రాసిన చెక్కముక్క ఉంది. వరదో గాలివానో వచ్చినప్పుడు స్థావరం వాళ్ళూ ఊరివాళ్ళూ ఏం చెయ్యాలో ముందుగానే మాట్లాడి కుదర్చడం ఆమె పని. ఊరి పంపుహౌసు మునిగితే స్థావరంలో కొళాయిలు ఎండిపోతాయి. ఊళ్ళో కరెంటు పోతే ఆసుపత్రికి దిక్కు స్థావరం జనరేటరే. ఒకరికొకరు కావాలి, కానీ ఒకరి మాట ఒకరు నమ్మరు. స్థావరంలో ఆమెను ఊరి మనిషి అంటారు. ఆఫీసులో మిలిటరీ అక్క అంటారు. పల్లపు వీధిలో మాత్రం గేటమ్మ, ఎప్పుడు చూసినా ఏదో ఒక గేటు ముందు నిలబడి ఉంటుందని.

"పెళ్ళిళ్ళ పేరమ్మ ఉద్యోగం నీది. రెండు వైపులా తిట్లు తప్ప తాంబూలం లేదు," అంటాడు భర్త. బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి.

ఈ ఉద్యోగం కావాలని ఇంకెవరూ అడగలేదు. ఆమే అడిగింది. పెద్ద వరద వచ్చినప్పుడు ఆమె మంచినీళ్ళ విభాగంలో గుమాస్తా. పల్లపు వీధి నుంచి ఫోన్లు ఆమెకే వచ్చాయి. వీధికి ఎగువన స్థావరం గోడ, గోడలో వెనక గేటు, గేటు దాటితే మెరక. "గేటు తియ్యమని చెప్పండమ్మా," అని అరుస్తున్నారు. ఆఫీసు గోడ మీద రాసి ఉన్న స్థావరం నంబరుకి ఆమె చేస్తూనే ఉంది. అది ఎప్పుడో మూసేసిన క్యాంటీను గోడౌనులో మోగుతోందని తర్వాత తెలిసింది. గేటు లోపల ఉన్న సిపాయికి ఉత్తర్వు లేదు, తాళంచెవీ లేదు. ఆ వీధిలో ఇస్త్రీ చేసే ముసలామె భర్త ఆ ఊచలు పట్టుకునే పోయాడు.

అప్పటినుంచీ ఆమె అడుగుతున్నది ఆ గేటు గురించే. కష్టపడి ఒక అధికారికి విషయం తలకెక్కించేసరికి ఆయనకి బదిలీ అయ్యేది. కొత్తాయన దగ్గర మళ్ళీ ఓనమాల నుంచి మొదలు. ఇప్పుడున్న మేజరు కుర్రవాడు, మాట తక్కువ. ఒక్కసారి రిహార్సలు చేసి చూద్దాం, జనం సవ్యంగా వచ్చి సవ్యంగా వెళితే పైవాళ్ళని ఒప్పిస్తానన్నాడు. ఆ రిహార్సలు ఈవాళే.

మధ్యాహ్నం సైరను మోగింది. వెనక గేటు దగ్గర మేజరు, తుపాకీతో ఒక సిపాయి, ఈమె. ఎండ గోడ మీద నిటారుగా పడుతోంది. పల్లపు వీధి నుంచి ఇద్దరు కుర్రాళ్ళు సైకిళ్ళ మీద వచ్చి, దూరంగా ఆగి చూసి, వెనక్కి తిరిగిపోయారు. ఇంకెవరూ రాలేదు.

"మీవాళ్ళకి చెప్పారా?" అన్నాడు మేజరు.

"ఇంటింటికీ చెప్పాను సార్. కాసేపు ఆగండి, నేను వెళ్ళొస్తా."

వీధిలోకి దిగుతుంటే ఎడమ భుజం పీకింది. పొద్దున్నుంచీ అంతే. గ్యాసు అనుకుంది. జనం అరుగుల మీదే ఉన్నారు. ఎవరి పనిలో వాళ్ళున్నట్టు కూర్చున్నారు కానీ ఎవరి చేతుల్లోనూ పని లేదు. పేర్లు రాసుకుని ఇళ్ళు ఖాళీ చేయిస్తారట అన్న పుకారు పొద్దున్నే పాకిందని ఒకావిడ చెప్పింది. అందరూ వీధి మధ్యలో ఉన్న ఇస్త్రీ బండి వైపు చూస్తున్నారు. ముసలామె కదిలితే కదులుదామని.

ముసలామె చొక్కా కాలరు మీద పెట్టె నడుపుతోంది. తల ఎత్తలేదు.

"పిన్నీ," అంది ఈమె.

"నేను రాను అమ్మాయ్. ఆ గేటు మొహం నేను చూడను."

ఈమె బండి పక్కన రాయి మీద కూర్చుంది. ముసలామె చొక్కా మడిచి పక్కన పెట్టింది.

"నీళ్ళొచ్చిన రోజు తియ్యని గేటు ఎండ కాసేరోజు తీస్తే ఎవరికమ్మా?"

"ఎండరోజు తియ్యడం అలవాటైతే వానరోజు చెయ్యి వెనకాడదేమో పిన్నీ. నాకు తోచింది అంతే. అంతకన్నా నాకూ తెలీదు."

"నువ్వు ఎన్నాళ్ళని తిరుగుతావు వాళ్ళ చుట్టూ?"

"తీసేదాకా."

ముసలామె ఆమె మొహంలోకి చూసింది. "చెమటలు పోస్తున్నాయేమిటే నీకు? నీళ్ళు తాగు," అని చెంబు అందించింది. ఆమె తాగేదాకా చూసి, పెట్టెలో బొగ్గులు బండి కింద గుమ్మరించి, కొంగు నడుముకి దోపుకుంది. "పద."

వీధి ముసలామె వెనకే లేచింది. చంకల్లో పిల్లలు, చేతికర్రలు, ఒకరి భుజం మీద కుట్టుమిషను. నిజంగా నీళ్ళొస్తే దీన్ని వదలను కదా, మోయగలనో లేదో చూసుకుంటా అన్నాడు దర్జీ. నలుగురూ నవ్వారు. ఆ నవ్వుతో నడక తేలికపడింది.

గేటు గడియ తుప్పు పట్టి బిగుసుకుపోయింది. సిపాయి లాగాడు, రాలేదు. మేజరు టోపీ తీసి గోడ మీద పెట్టి తనూ పట్టాడు. కీచుమంటూ కదిలింది.

ముసలామె గేటు మధ్యలో ఆగిపోయింది. ఊచ మీద అరచెయ్యి పెట్టింది. వెనక ఎవరూ తోసుకోలేదు. చాలాసేపటికి చెయ్యి తీసి, సిపాయి వైపు తిరిగింది.

"అన్నం తిన్నావా నాయనా?"

అతను మేజరు వైపు చూశాడు. మేజరు తల ఊపాడు.

"తిన్నానమ్మా."

ముసలామె లోపలికి అడుగు వేసింది.

అందరూ మెరకెక్కి దిగి వెళ్ళాక మేజరు చేతులకంటిన తుప్పు దులుపుకుంటూ ఆమె దగ్గరికి వచ్చాడు. "తాళంచెవి ఇకమీద ఇక్కడి సిపాయి దగ్గరే ఉంటుంది. సైరను మోగితే తియ్యాలి. ఎవర్నీ అడగక్కర్లేదు. పైవాళ్ళ సంగతి నేను చూసుకుంటా."

"మీరు వెళ్ళిపోయాక, సార్?"

అతను గోడ మీది టోపీ తీసి పెట్టుకున్నాడు. "గేటు మీదే పెయింటుతో రాయిస్తా. నేను పోయినా అక్షరాలు బదిలీ మీద పోవు కదా."

ఆమె నవ్వింది. ఆ గేటు దగ్గర ఆమె నవ్వడం అదే మొదలు.

ఇంటిదారి పట్టాక భర్త ఫోన్ చేశాడు. వంటింటి కొళాయి కారుతోంది, నిన్నటి వాషరు సైజు తప్పు, ఇంకోటి తెమ్మన్నాడు. హార్డ్‌వేర్ కొట్లో రెండుమూడు వేలికి తొడిగి చూసి, ఒకటి కాగితంలో చుట్టించుకుంది.

ఇంటికొచ్చి పొట్లం వంటింటి కిటికీలో పెట్టింది.

"తాళంచెవి ఇస్తామన్నారు," అంది.

భర్త కుర్చీ ఆమె వైపు జరిపి, "అయితే తాంబూలం దక్కిందన్నమాట," అన్నాడు.

"ఊఁ. కాస్త నడుం వాలుస్తా. అన్నం వేళకి లేపండి."

గోడవైపు తిరిగి పడుకుంది. అన్నం వేళకి అతను వచ్చి చూశాడు. ఇంత ఆదమరిచి నిద్రపోయి ఎన్నాళ్ళయిందో, పోనీలే అనుకుని గిన్నెల మీద మూతలు పెట్టాడు. మళ్ళీ వచ్చి దుప్పటి కప్పబోతుంటే ఆమె చెయ్యి తగిలింది. చల్లగా ఉంది.

ఆ ఏడు వానలు ఆలస్యంగా, ఒక్కసారే పడ్డాయి. పల్లపు వీధిలో నీళ్ళు నడుములోతుకి వచ్చేలోపే సైరను మోగింది. మేజరు అప్పటికి బదిలీ అయిపోయాడు. గేటు దగ్గర ఎవరో కొత్త సిపాయి. అతను ఎవర్నీ అడగలేదు. ముసలామె, దర్జీ, కుట్టుమిషను, అందరూ మెరకెక్కారు. ఈ సంగతి గేటమ్మ భర్తకి చెప్పాలని ముసలామె తడిబట్టలు ఆరకముందే వాళ్ళింటికి వచ్చింది. చెప్పవలసింది చెప్పి, మంచినీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్ళింది.

కొళాయి కింద బకెట్టు సగం నిండి ఉంది. బొట్టు తరవాత బొట్టు పడుతోంది. కిటికీలో, దుమ్ము పట్టి అంచులు విచ్చుకున్న కాగితం మీద, నల్లటి రబ్బరు వాషరు.