ప్రభువు విన్న మోర్

మా చంద్రపూర్ బాబుపేట్‌లో మరాఠీ వాళ్ళు ఆడపిల్లను ‘పోట్టీ’ అని పిలుస్తారు. ముద్దుగానే పిలుస్తారు. మా తెలుగు సంఘంలో మాత్రం అందరూ నన్ను ‘పొట్టి’ అంటారు. అది ముద్దు కాదు, కొలత. నాలుగడుగుల తొమ్మిదంగుళాలు మరి! సందులో ఉన్నంతసేపూ పిల్లను, చర్చి మెట్టెక్కానో పొట్టిదాన్ని. తేడా అంతా దీర్ఘంలోనే. ఈ దీర్ఘాన్ని కాస్త గుర్తుపెట్టుకోండి, తర్వాత నా కొంప ముంచింది ఇదే.

నా పేరు సుచరిత. తొంభై ఆరులో నాకు పందొమ్మిదేళ్ళు. పదో తరగతి రెండుసార్లు తప్పి, మూడోసారి రాయడానికి సిగ్గేసి, ఊరి ఆ చివర తుకుంలో ఒక ఎస్టీడీ బూత్‌లో కూర్చున్నాను. సందుకో పసుపు బోర్డు వెలిసిన రోజులవి. అద్దాల గదిలోకి వచ్చిన వాళ్ళు ఊరూరి మనుషులతో నవ్వుతారు, ఏడుస్తారు, పోట్లాడతారు. నాతో మాత్రం “లైన్ లాగ్లీ కా?” అంటారు, లైను తగిలిందా అని. రోజంతా అదే మాట. నేను కూడా ఫోన్‌లో ఒక భాగమే అనుకునేవారేమో!

అప్పుడే మా సండే స్కూల్ టీచరక్క పెళ్ళి చేసుకుని బెల్లంపల్లి వెళ్ళిపోయింది. పదకొండు మంది పిల్లలు ఆదివారం పూట చర్చి చుట్టూ ఒకరి మీదికి ఒకరు చెప్పులు విసురుకుంటూ తిరుగుతున్నారు. వాళ్ళను చూడగానే నాకు ఆశ పుట్టింది. ఆ క్లాసు నాకు కావాలి. నన్ను ఎవరైనా ఒక్కసారి ‘టీచర్’ అని పిలవాలి. పదో తరగతి తప్పినదాన్ని టీచర్ అంటే భూమేం బద్దలైపోదు కదా!

కానీ ఆ క్లాసు గంగవ్వ చేతిలో ఉంది. బాప్తిస్మంలో ఆమెకు రూతమ్మ అని పేరు పెట్టారట, ఆ పేరుతో పిలిచే ధైర్యం ఎవరికీ లేక గంగవ్వగానే ఉండిపోయింది. మా సంఘంలో తెలుగు గడగడా చదివే ఆడమనిషి ఆమె ఒక్కతే. పాస్టర్‌గారు ప్రసంగంలో ఒక మాట మింగేసినా ముందు వరసలోంచి అందించేస్తుంది.

“నీకు తెలుగు చదువొస్తదానే?” అంది నన్ను కింది నుంచి పైకి చూస్తూ. పెద్ద దూరమేం కాదు, చూపు తొందరగానే పూర్తయింది.

“వస్తది అవ్వా.”

“ఏడ నేర్చినవ్? మరాఠీ బడిల చదివితివి గదా.”

“ఇంట్లనే. మా బాపు నేర్పిండు.”

మా బాపు రాయమల్లు బొగ్గు గనిలో హాజరీకి వేలిముద్ర వేస్తాడు. ఆ సంగతి గంగవ్వకు తెలియదనే అనుకున్నాను.

“అట్లనా! అయితే వచ్చే ఆయితారం సాక్ష్యం జెప్పు. ఉత్త నోటితోని గాదు, కాయితం జూసి చదవాలె. సక్కగ చదివితే పిల్లలు నీకు. లేకుంటే ఆ ఆశ ఇడిసిపెట్టు.”

సాక్ష్యమంటే దేవుడు తన బతుకులో ఏం చేశాడో అందరి ముందూ నిలబడి చెప్పడం. నా బతుకులో ప్రస్తుతానికి ఒక అబద్ధం ఉంది. ఇంటికి పోయి మోకరించాను. “ప్రభువా, నోరు జారింది. వెనక్కి తీసుకోలేను. గంగవ్వ సంగతి నీకు తెలియంది కాదు” అన్నాను. పైనుంచి జవాబు రాలేదు. అంటే కోపం లేదన్నమాట అని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను.

మా బాపుకు అక్షరం రాదు గానీ ఇరవయ్యేళ్ళ ప్రసంగాలు చెవుల్లో ఉన్నాయి. ఇంట్లో “ఏం కూర ఒండినవే” అనే మనిషి, ప్రార్థనకు వంగితే ఎక్కడెక్కడి పెద్ద మాటలో వస్తాయి. నేను సాక్ష్యం అడగ్గానే మంచం మీద లేచి కూర్చున్నాడు. ఆయన చెబుతూ పోయాడు, నేను మరాఠీ అక్షరాల్లో తెలుగు మాటలు బరబరా రాసుకుపోయాను. “దుఃఖంలో నేను పిలువగా ప్రభువు నా మొర విన్నాడు” అన్నాడు. రాసుకున్నాను. చివరి వాక్యం మాత్రం గోడ వైపు తిరిగి చెప్పాడు. అదీ రాసుకున్నాను. అర్థాలు అడగలేదు. అవి చర్చి మాటలు, చర్చిలో వింటాం, మెట్లు దిగగానే అక్కడే వదిలేస్తాం.

ఇక్కడే దీర్ఘం దెబ్బ కొట్టింది. మరాఠీ అక్షరాల్లో ఎ, ఏ అని రెండు లేవు, ఉన్నది ఒక్కటే. ఒ, ఓ సంగతీ అంతే. పైగా మాట చివరి ‘అ’ను మరాఠీలో పలకరు. మనకు తెలిసిన మాటయితే నాలుకే సర్దుకుంటుంది. తెలియని మాటయితే కాగితం ఎటు లాగితే అటే పోతాం.

ఆదివారం వచ్చింది. ఏప్రిల్ నెల, రేకుల కప్పు, కరెంటు లేదు. పుల్‌పిట్ వెనక నిలబడితే నా తల కనబడదని గంగవ్వే ఒక పీట తెచ్చి వేసింది. పాటల పుస్తకంలో నా కాగితం దాచుకుని పీటెక్కాను. చివరి వరసలో మా బాపు తువ్వాలు ఒళ్ళో పెట్టుకుని, పరీక్ష తనకే అన్నట్టు బిగుసుకుని కూర్చున్నాడు.

గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. రెండు వాక్యాలు బాగానే దాటాయి. గంగవ్వ తల కూడా ఊపింది. ఇక నాకు పట్టపగ్గాలు లేవు. చెయ్యెత్తి మరీ చదివాను:

“దుఃఖంలో నేను పిలువగా ప్రభువు నా మోర్ విన్నాడు!”

మోర్ అంటే మరాఠీలో నెమలి.

ముందు పిల్లలు కిసుక్కుమన్నారు. తర్వాత కుర్రాళ్ళు, ఆ తర్వాత ఆడవాళ్ళ వైపు మొత్తం. పాస్టర్‌గారు దగ్గు వచ్చినట్టు రుమాలు అడ్డం పెట్టుకున్నారు గానీ భుజాలు ఊగడం అందరికీ కనబడింది. నాకు ఏడుపు రావాలి. రాలేదు, కోపం వచ్చింది. కోపం వస్తే నా నోరు నా మాటే వినదు.

“నవ్వుండ్రి! ఇంకింత నవ్వుండ్రి!” అని పుస్తకంలోంచి కాగితం తీసి ఊపాను. “అవును, అబద్ధమాడిన. నాకు తెలుగు అక్షరాలు రావు. గిది మరాఠీల రాసుకున్న. మీ పిల్లల్ల ఎవ్వలికన్న వస్తయా? ఒక్కల్ని లేపుండ్రి జూద్దాం!”

ఎవరూ ఎవర్నీ లేపలేదు. సరే, అయిపోయింది, క్లాసు పోయింది అనుకుని పీట దిగాను. దిగానో లేదో ముందు వరసలోంచి ఏడేళ్ళ హర్షిత లేచింది.

“తాయీ, మోర్ దేవునికి ఏం జెప్పింది?”

తాయీ అంటే అక్క. నవ్వడానికి కాదు, నిజంగానే అడిగింది. ఆ పిల్లకు అందులో తప్పేమీ కనబడలేదు. నెమలి పిలిచింది, దేవుడు విన్నాడు, ఇంతకీ ఏమన్నది? మిగతా పదిమంది కూడా నా మొహంలోకే చూస్తున్నారు. నేను మళ్ళీ పీటెక్కాను.

“గనుల దిక్కు పొదల్ల మోర్ అరిచేది ఇన్నరా? జూస్తే ఎంత అందం! నోరు తెరిస్తే తుప్పు పట్టిన తలుపు. అయినా దానికేమన్న సిగ్గున్నదా? పొద్దుగాల లేచి, ఊరంత వినేటట్టు ఒర్లుతది. దేవుడేమన్న చెవులు మూసుకుంటడా? నా గొంతు గూడ గంతే. నా తెలుగు గూడ గంతే. నేను గిట్లనే ఒర్లిన, ఆయన గట్లనే ఇన్నడు!”

“ఎట్ల ఒర్లుతది తాయీ?”

అడగకూడని మాట అడిగింది. “పియావ్!” అని అరిచి చూపించాను. పదకొండు గొంతులు రేకులు లేచిపోయేలా “పియావ్!” అన్నాయి. తర్వాత కుర్రాళ్ళూ అందుకున్నారు. మా సంఘంలో అంత పెద్ద ఆమెన్ ఎన్నడూ వినబడలేదు. నవ్వీ నవ్వీ నా కడుపు పట్టేసింది.

“సప్పుడు బంద్!” అని గంగవ్వ లేచింది. నెమళ్ళన్నీ నోరు మూసుకున్నాయి. “ఇంకెన్ని వాక్యాలున్నయే?”

“ఒక్కటే అవ్వా.”

“చదువు మరి.”

కాగితం చెమటకు మెత్తబడింది. భయం భయంగా చదివాను. “నాకు వేల్ లేదని నేననుకున్నాను. నాకు వేల్ ఉందని నా దేవుడన్నాడు.”

“వేల్! తీగ!” అన్నారు పిల్లలు సంబరంగా. మరాఠీలో వేల్ అంటే అదే మరి. గంగవ్వ మాత్రం నవ్వలేదు. వెనక్కి తిరిగి మా బాపును చూసింది.

“రాయమల్లూ, పొల్లకు ఏం జెప్పినవ్ నువ్వు?”

మా బాపు లేచి నిలబడ్డాడు. తువ్వాలు చేతిలో నలుగుతోంది. “వెల అని జెప్పిన అవ్వా” అన్నాడు. “నా బిడ్డకు వెల ఉన్నదని.”

“అంటే ఏంది అవ్వా?” అన్నాను.

“ఖీమతు బిడ్డా. దేనికన్న పెద్ద ఖీమతు.”

ఆయన గోడ వైపు ఎందుకు తిరిగాడో అప్పుడు తెలిసింది. రెండుసార్లు తప్పినప్పుడు ఒక్క మాట అనని మనిషి, దాన్ని ఇంట్లో చెప్పలేక సాక్ష్యంలో దాచిపెట్టి నాతోనే చదివిస్తున్నాడు. నేనేమో తీగ అని చదివాను!

గంగవ్వ పుల్‌పిట్ దగ్గరికి వచ్చింది. “వేల్ గాదు. వె. పొట్టిగ అనాలె, నీ లెక్క. అను.”

“వె.”

“వెల.”

“వెల.”

“ఇప్పుడు మొత్తం అను. నాకు వెల ఉంది.”

నోరు తెరిచాను. పీట మీద నిలబడి, పసిపిల్లలా కాగితం ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను.

“అనూ!”

“నాకు... వెల ఉంది.”

“ఇనబడలే. మోర్ ఏమాయె?”

“నాకు వెల ఉంది!” అని అరిచాను. ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియలేదు. చివరి వరసలో మా బాపు తువ్వాలుతో మొహం తుడుచుకుంటున్నాడు. అది చెమట కాదని చంద్రపూర్ మొత్తానికి తెలుసు.

గంగవ్వ ఊరికే వదిలే మనిషా? అందరి ముందే శిక్ష చెప్పింది. “అబద్ధమాడినవ్ గన్క రోజు సాయంత్రం మా ఇంటికొచ్చి అక్షరాలు దిద్దాలె. పిల్లల్ని మాత్రం వచ్చే ఆయితారం నుంచే తీసుకో. లేకుంటే చెప్పులన్ని తెగుతున్నయ్.”

మర్నాడు సాయంత్రం బూత్ నుంచి నేరుగా వాళ్ళింటికి వెళ్ళాను. గంట సేపు అ, ఆలు దిద్దించింది. ఎ పక్కన ఏ రాయించి, రెంటినీ పదిసార్లు పలికించింది. ఇక లేస్తాననగా తలుపు దగ్గరికి వేసి, బియ్యం డబ్బా వెనక నుంచి ఇంకో పలక తీసింది.

“ఎవ్వలికన్న జెప్పినవంటే నీ సంగతి జూస్త” అంది మెల్లగా. “నాకు మరాఠీ అక్షరం రాదు. పోయిన నెల వరోరా పోవాల్సినదాన్ని, బోర్డు చదవరాక మూల్ బస్సెక్కిన. పగలంత గాడ్నే కూసున్న.”

నవ్వు ఆపుకోవడానికి నాలుక కొరుక్కుని, పలక మీద నాలుగు అక్షరాలు రాసి ఇచ్చాను. గంగవ్వ కళ్ళద్దాలు సర్దుకుని, నిన్న నన్ను నిలబెట్టి అనిపించిన మనిషి, కవలల్లా ఉండే రెండు మరాఠీ అక్షరాల్లో ఒకదాని మీద వేలు పెట్టి ఆగిపోయింది.

“టీచరమ్మా” అంది, “గిది మ నా, భ నా?”

నేను వెంటనే చెప్పలేదు. ఇంకోసారి పిలుస్తుందేమోనని.