కూర్చునే మనిషి

జర్బెరా పూల కాడను మొదట్లో పట్టుకుని, పక్కకు వంచి లాగుతోంది బీరమ్మ. కత్తెర పెడితే మొక్క కుళ్లుతుంది. పీకిన ప్రతి పువ్వుకూ ప్లాస్టిక్ టోపీ తొడగాలి. ఎడమ భుజం నుంచి మోచేతి దాకా నొప్పి లాగేసరికి ఆగి, ఊపిరి పీల్చుకుని, మళ్లీ వంగింది. చూపు మాత్రం పక్కనే ఉన్న షెడ్డు వాకిలి మీదే. అక్కడ బోర్లించిన పూల డబ్బా మీద కొడుకు శాంసన్ కూర్చుని, తనకొక్కడికే వినిపించే గొంతులతో గొణుగుతున్నాడు.

మీసాలొచ్చిన మగవాడు. గోళీలు మింగితే నెమ్మదిగానే ఉంటాడు. పక్కన మనిషి లేకపోతే మాత్రం లేచి బీజాపూర్ రోడ్డు మీదికి, లారీలకు ఎదురు నడుస్తాడు. ఎవరైనా పక్కన కూర్చుంటే చాలు, కదలడు. భర్త పోయిన నాటి నుంచి ఆ మనిషి బీరమ్మే.

చేవెళ్ల దవాఖానలో డాక్టరమ్మ గుండె పరీక్షలకు ఒక పూట లోపలే ఉండాలంది. ఆ పూట కొడుకు పక్కన కూర్చునే మనిషి కోసం బీరమ్మ వానకాలమంతా తిరిగింది. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఆమె అడిగింది. ఆడపడుచు ఎస్తేర్ వాడిని చూస్తేనే భయమంది. ఓట్లడగడానికి ఇంటికొచ్చిన మారయ్య, గదిలో పెట్టి తాళం వేసి పొమ్మన్నాడు. తన గొడ్డునైనా అలా వదిలి పోడు ఆ పెద్దమనిషి.

ఆ సాయంత్రం శుక్రవారం ప్రార్థనకు చర్చి సంఘం ఆడవాళ్లు ఇంటికొచ్చారు. బీరమ్మ ఎర్ర కుర్చీ తెచ్చి శాంసన్ పక్కన వేసింది. ఎవరూ కూర్చోలేదు. గడప దగ్గరే నిలబడి, ఒక కన్ను వాడి మీదే ఉంచి ప్రార్థించారు.

"అక్కా, గీ ప్రార్థన మీ ఇంట్ల చేసినా దేవుడు ఇంటడు. రేపు పొద్దుగాల జర గీ కుర్చీల కూసోండ్రి. నేను దవాఖానకు పోయొస్త."

"మా పిల్లకు పరీక్షలున్నయ్ బీరమ్మా," అంది పాస్టరమ్మ ప్రేమజ్యోతి, ఆమె తల నిమురుతూ. "ఫికర్ చెయ్యకు. దేవుడు మోయగలిగినంత బరువే ఇస్తడు."

"గా దేవుడే మిమ్ముల్ని నా ఇంటిపక్కకు పెట్టిండు గద! ఎందుకు పెట్టినట్టు?"

ఆడవాళ్లు కొంగులు సర్దుకుని వెళ్లిపోయారు. "ఎంత పొగరు!" అంది వాకిట్లో ఒకామె. బతిమాలినప్పుడు అయ్యో అన్న నోళ్లే, నిలదీస్తే పొగరంటాయి.

బీరమ్మ కొడుక్కి అన్నం పెట్టింది, గోళీ మింగించింది. ఒళ్లంతా చెమట. ఆ కుర్చీలో తనే కూర్చుని తల గోడకు ఆనించింది. మళ్లీ లేవలేదు. పక్కన మనిషి ఉంది కదా, శాంసన్ తెల్లారే దాకా కదలలేదు.

మర్నాడు ఊరంతా వచ్చింది. టెంటు వేశారు. ఆమెను కుర్చీలోంచి తీసి చాప మీద పడుకోబెట్టారు. భయపడే ఎస్తేర్, మారయ్య, ప్రేమజ్యోతి, అందరూ పొద్దు గూకే దాకా కూర్చున్నారు. ఒక్క పూట దొరకని వాళ్లకు రోజంతా ఎక్కణ్నుంచి దొరికిందో!

"నెమ్మదిగ మాట్లాడుండ్రి, అవ్వ పండుకున్నది," అన్నాడు శాంసన్, తల్లి వైపు చూపిస్తూ. తర్వాత రోడ్డు వైపు చూడసాగాడు.

టెంటు హౌస్ కుర్చీలు చాలక వచ్చినవాళ్లలో కొందరు నిలబడే ఉన్నారు. శాంసన్ పక్కన ఎర్ర కుర్చీ ఖాళీగానే ఉంది.