నలభై ఒకటో మెట్టు ఎక్కని బూట్లు

ముందుగా ఒక క్షమాపణ. ఇది రాస్తున్న చేతికి అక్షరాలు పట్టుబడి రెండేళ్ళే అయింది. ఒత్తులు జారినా, దీర్ఘాలు పొట్టివైనా మన్నించాలి. ఒక పేజీ నిండటానికి ఒక మధ్యాహ్నం పడుతోంది. మధ్యలో పొయ్యి మీద పాలు పొంగితే ఆ పేజీ కూడా ఉండదు. చెప్పేది నేను, రాసేది ఆమె. తప్పులు ఆమెవి. విసుగు మాత్రం పూర్తిగా నాది.

నేను ఒక బూట్ల జతను. నీలం గుడ్డ, తెల్ల రబ్బరు అడుగు, ఆరో నంబరు. ఎక్కడో పెద్ద షెడ్డులో, కాలే రబ్బరు వాసన మధ్య పుట్టాను. అడుగు అతికించినవాడు నా వైపు చూడనైనా చూడలేదు. లేసులు ఎక్కించిన అమ్మాయి భోజనాల గంట కోసం చెవి అటు పెట్టి, ఎడమ బూటుకు ఒక రంధ్రం వదిలేసింది. ఈనాటికీ నా ఎడమ లేసు ఒక రంధ్రం తక్కువగానే నడుస్తుంది. నడిస్తే.

నన్ను పెట్టిన అట్టపెట్టె మీద ఒక బొమ్మ ఉంది. మంచుకొండ, దాని మీదినుంచి దూకే జలపాతం, ఆ పక్కన రాళ్ళ మీద నన్ను తొడుక్కుని నవ్వుతున్న మనిషి. నాకు చదువు రాకపోయినా బొమ్మ అర్థమైంది. నేను పుట్టింది ఇందుకేనన్నమాట అనుకున్నాను. ఇలాంటి బొమ్మలు వెయ్యి పెట్టెల మీద ఒకేసారి అచ్చు వేస్తారని నాకు ఎవరూ చెప్పలేదు.

నన్ను కొన్నది సాలూరులో శశిరేఖ టీచరు. షుగరుందనీ, రోజూ నడవమనీ డాక్టరు చెప్పాడట. పదకొండు రోజులు బడి మైదానం చుట్టూ తిప్పింది. పన్నెండో రోజు తుంపర పడింది. పదమూడో రోజు ఎండ కాసింది గానీ, తుంపర రోజు తాగిన రెండో కప్పు కాఫీ ఆమెకు బాగా నచ్చింది. నన్ను పెట్టెలో పెట్టి అలమరా మీద పడేసింది. అక్కడ నాకంటే ముందే ఒక స్కిప్పింగు తాడు, ఒక బరువు చూసే యంత్రం ఉన్నాయి. మనుషులు నడవడానికని కొనేవన్నీ అలమరా పైదాకానే నడుస్తాయని అక్కడ నాలుగేళ్ళు కూర్చుని నేర్చుకున్నాను.

రిటైరయ్యాక టీచరు మధ్యాహ్నం మూడింటికి సామాజిక భవనంలో పెద్దవాళ్ళకు అక్షరాలు చెప్పడం మొదలుపెట్టింది. వచ్చేవాళ్ళు ముగ్గురే. మోకాళ్ళ నొప్పుల గున్నమ్మ ఒకతె. మొగుడు బతికున్న మంగతాయమ్మ ఒకతె. అలా చెప్పడం ఎందుకంటే, మిగతా ఇద్దరూ, చెప్పే టీచరూ విధవలు. ఈ కథలో ఆ తేడా చాలా పని చేస్తుంది. మూడో ఆమె మేస్త్రమ్మ. రాతి మేస్త్రి దాలయ్య పెళ్ళాం కాబట్టి మేస్త్రమ్మ. ఆయన పోయి తొమ్మిదేళ్ళయినా మేస్త్రమ్మే. ఆమెకు సొంత పేరొకటి ఉందని రేషన్ కార్డుకు, టీచరు రిజిస్టరుకు తప్ప ఎవరికీ పట్టలేదు.

ఒకరోజు టీచరు, "మీ కోరిక ఒక వాక్యంలో రాయండి" అంది. మేస్త్రమ్మ గంటసేపు పలక మీద వంగి, "నేను పాలధార చూడవలెను" అని రాసింది.

పాలధార సాలూరుకు ఉత్తరాన, కొండల్లో, బండిలో రెండు గంటల దూరం. జలపాతం పక్కనే పైదాకా రాతి మెట్లున్నాయి. ముప్పై ఎనిమిదేళ్ళ కిందట ఆ మెట్లు పరిచినవాళ్ళలో దాలయ్య ఒకడు. పని ముగించి ఇంటికొచ్చి, "కింద నుంచి నలభై ఒకటో మెట్టు మీద, నీటి వైపు, నీ పేరు చెక్కీసినాను" అని చెప్పాడట. దాలయ్యకు చదువు లేదు. కాంట్రాక్టరు గుమస్తా సుద్దతో రాసిపెడితే ఆ గీతల మీద ఉలి నడిపాడు. చూపిస్తాను చూపిస్తాను అంటూ ప్రతి కార్తీకానికీ వాయిదా వేశాడు. చివరికి తానే వెళ్ళిపోయాడు.

ఇది విని గున్నమ్మ ఊరుకుంటుందా. ఆమె ముప్పై ఏళ్ళుగా ఊరుకోలేదు.

"ఆ గుమస్తా ఏటి రాసినాడో ఎవులికి తెలుసు? మీ ఆయనకి అచ్చరం ముక్క రాదు. 'ఈడొక ఎద్దు' అని రాసిచ్చుంటాడు. ఈయన ముచ్చటగా చెక్కీసుంటాడు."

"రాసుంటే రాసుంటాడు," అంది మేస్త్రమ్మ. "ఇప్పుడు నాకు సదవడం వొచ్చు గదా. ఎద్దో, నానో, నానే సదూతాను."

మరునాడు టీచరు నన్ను అలమరా మీదినుంచి దింపి ఆమెకిచ్చింది. నా ఆనందం అడగకండి. కొండ, జలపాతం, మెట్లు. పెట్టె మీది బొమ్మ నిజం కాబోతోంది. "చీర కింద బూట్లేటే, పోలీసోడిలాగ," అంది గున్నమ్మ. పట్టించుకోలేదు నేను.

ఇక ప్రయాణం సన్నాహం మొదలైంది. ఒక్క పూట ప్రయాణానికి ఈ నలుగురు పడినంత సన్నాహం, ఓడలెక్కి దేశాలు పట్టినవాళ్ళు కూడా పడి ఉండరు. మొదట బుధవారం అనుకున్నారు. మంగళ, బుధవారాలు ఉత్తరానికి శూల, కాలు పెట్టకూడదంది గున్నమ్మ. ఆదివారం అంటే వ్యాను గౌరేశుకు పెళ్ళి బాడుగ ఉంది. ఆ పై వారం మంగతాయమ్మ ఆడపడుచు వచ్చింది. ప్రతిసారీ మేస్త్రమ్మ నన్ను తుడిచి గుమ్మం దగ్గర పెట్టేది. ప్రతిసారీ మళ్ళీ పెట్టెలోకి. పెట్టె మీది మనిషి నన్ను చూసి నవ్వుతూనే ఉన్నాడు. చింపేయాలనిపించింది. బూట్లకు చేతులు లేవు.

చివరికి ఒక గురువారం కుదిరింది. తెల్లవారి ఏడింటికి వ్యాను భవనం ముందుకొచ్చింది. మంగతాయమ్మ గిన్నెడు పులిహోర చేసి తెచ్చింది. మేస్త్రమ్మ కాళ్ళు మొదటిసారి నాలోకి దిగాయి. రాళ్ళు మోసిన కాళ్ళు, మడమలు పగిలి, వేళ్ళు విడివిడిగా. బిగుసుకున్నాను గానీ ఓర్చుకున్నాను. నలుగురూ ఎక్కి కూర్చున్నారు. గౌరేశు తాళం తిప్పబోయాడు.

"ఉండెహె," అంది గున్నమ్మ. "ఎవులైనా ఎదురు రావాల గదా. ఊరికే బయలెల్లిపోతారేటి? మంగతాయీ, మాలో పుస్తె ఉన్నది నీకొక్కదానికే. దిగి బిందె పట్టుకుని ఎదురు రాయే."

మంగతాయమ్మకు ఈ గౌరవం కొత్త కాదు. వీధిలో ఎవరు ఊరికి బయల్దేరినా ఆమెనే పిలుస్తారు. దిగి, పక్కింట్లో బిందె అడిగి తెచ్చి, నీళ్ళతో నిండుగా ఎదురొచ్చింది. బిందె ఇచ్చేసి మళ్ళీ వ్యాను మెట్టు మీద కాలు పెట్టింది.

"నువ్వెక్కితే ఎలాగే?" అంది గున్నమ్మ. "ఎదురొచ్చినోళ్ళు ఎనక ఉండిపోవాల. నువ్వూ మాతో వొచ్చీస్తే అది ఎదురెలాగవుద్ది?"

"అయితే నానుండిపోవాలా? పులిహోర సేసింది నాను."

"పులిహోర వొస్తాది గదా."

మంగతాయమ్మ ముఖం ఎర్రబడింది. "మా ఆయన బతికున్నందుకు నాకిదా శిచ్చ?" అంది. "పోనీ, మీకు నానెదురొచ్చినాను. నాకెవులొస్తారు?"

అందరూ టీచరు వైపు చూశారు. ముప్పై ఏళ్ళు సైన్సు చెప్పిన మనిషి. "నాకైతే ఇలాంటివి నమ్మకం లేదమ్మా," అంది. నేను లేసులు బిగించుకున్నాను. "కానీ కొండదారి కదా, ఎందుకొచ్చిన పట్టింపు, ఇంకో ముత్తైదువను చూస్తే పోలా" అంది. నా లేసులు వదులయ్యాయి.

ఇంకో ముత్తైదువ కోసం వీధి చివరిదాకా వెళ్ళారు. ఒకావిడ తలంటుకుంటోంది. ఒకావిడ సంతకు వెళ్ళింది. ఒకావిడకూ మంగతాయమ్మకూ మాటల్లేవు. ఇంతలో గౌరేశు చేతి గడియారం చూసి, "అమ్మా, ఎనిమిదికి వర్జ్యం అన్నారు మీరే. ఎనిమిదీ పదైంది," అన్నాడు.

పులిహోర భవనంలోనే, గోడకానుకుని తిన్నారు. బాగుందన్నారు. మేస్త్రమ్మ తినలేదు. ఆ రోజు నేను నడిచింది వ్యానుదాకా పద్నాలుగు అడుగులు, వెనక్కి పద్నాలుగు.

మంగళవారం సాయంత్రం గౌరేశు వీధిలో వెళ్తూ ఆగి ఒక మాట చెప్పాడు. పాలధార మెట్లు పాకుడు పట్టి జారుతున్నాయని రాళ్ళ మీద సిమెంటు పోయిస్తున్నారట. పైనుంచి పోసుకుంటూ దిగుతున్నారట. "రోజుకి ముప్పై మెట్లు. ఈయేళ కింద నుంచి యాభయ్యోదాని కాడున్నారు. రేపు పొద్దున్నే నలభై దాటేస్తారు మేస్త్రమ్మా."

ఆమె చాప మీద కూర్చుని వేళ్ళు మడిచి లెక్క చూసుకుంది. పోయిన గురువారం వెళ్ళి ఉంటే వాళ్ళు ఇంకా పైనే ఉండేవారు. ఒక్క బిందె నీళ్ళ కోసం ఇలా అయింది. ఆమె నన్ను దగ్గరికి లాక్కుని లేసులు విప్పి, మళ్ళీ కట్టి, మళ్ళీ విప్పింది. ఆమె కోపమంతా నా లేసులకు తగిలింది.

బుధవారం తెల్లవారగానే మేస్త్రమ్మ వ్యాను తీసుకుని గున్నమ్మ ఇంటి ముందు దిగింది. తలుపు కొట్టి, గున్నమ్మ తీసేసరికి గుమ్మానికి ఎదురుగా నిలబడింది. బొట్టు లేని నుదురు, చీర కింద నేను.

"నానే ఎదురొచ్చినాను," అంది. "బుధవారం. ఉత్తరం దిక్కు. ముండమోపి ఎదురు. ఇంక అవ్వాల్సిందేటీ మిగల్లేదు. బండెక్కు."

గున్నమ్మ "నానూ ముండమోపినే గదే, నాకు నువ్వెదురైతే ఏటౌద్ది," అని గొణిగి చెప్పుల కోసం వెతుక్కుంది. మంగతాయమ్మ గుమ్మం ముందూ, టీచరు గుమ్మం ముందూ అలాగే నిలబడింది. ఇద్దరూ ఎక్కారు. మంగతాయమ్మ మాత్రం బండి ఎక్కాక, "ఈసారి నన్ను దిగమనరు గదా," అని రెండుసార్లు అడిగి తెలుసుకుంది.

కొండలెక్కుతుంటే చలి తగిలింది. దూరంగా మోత వినిపించింది. నేలంతా సన్నగా అదురుతోంది. అడుగు రబ్బరుకు అది ముందు తెలుస్తుంది. వ్యాను ఆగింది. ఆమె దిగి పరుగులాంటి నడక నడిచింది. మట్టిదారి, రాళ్ళు, తడి ఆకులు. పుట్టిన ఇన్నేళ్ళకు నేను కొండదారిలో నడుస్తున్నాను. మొదటి మెట్టు కనిపించింది.

మొదటి మెట్టు పక్కన పసుపు రాసిన రాయి ఉంది. ధారమ్మ తల్లి. రాయి ముందు చెప్పుల కుప్ప.

ఆమె ఆగిపోయింది. శూలనూ శకునాన్నీ తోసేసి వచ్చిన మనిషి ఇక్కడ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. అమ్మవారి నీళ్ళ పక్కన చెప్పులతో ఎక్కరు. వంగి, లేసులు విప్పి, నన్ను కుప్ప పక్కన పెట్టి, పగిలిన మడమలతో పైకి వెళ్ళిపోయింది.

ఏం చెప్పను. పెట్టె మీద ఆ మనిషి బూట్లతోనే ఉన్నాడు.

టీచరూ మంగతాయమ్మా ఆమె వెనక మెల్లగా ఎక్కుతున్నారు. మోకాళ్ళ నొప్పుల వల్ల గున్నమ్మ మాత్రం నా పక్కనే బండ మీద కూర్చుంది. జలపాతం తుంపర మా ఇద్దరి మీదా పడుతోంది. ఆమె పైకి చూస్తూ మెట్లు లెక్కపెట్టింది, ఇరవై దగ్గర తప్పింది, మళ్ళీ మొదలుపెట్టింది. "ఎద్దని ఉండకూడదు తల్లీ," అంది రాయి వైపు తిరిగి, ఎవరికీ వినపడకుండా. నాకు వినపడింది.

పైనుంచి ఎవరో కూలివాడి కేక వచ్చింది. "ఏయ్ ముసలమ్మా, తడి సిమెంటు, సెయ్యి తియ్యి." ఆ తర్వాత నీళ్ళ మోత ఒక్కటే.

మేస్త్రమ్మ దిగేసరికి ఆమె చీర మోకాళ్ళదాకా తడిసింది. కుడి చూపుడు వేలు బూడిదరంగుగా ఉంది, గోటి కింద సిమెంటు.

"ఉందా?" అంది గున్నమ్మ.

"రెండచ్చరాలున్నాయి. నీటి వైపువి. కొండ వైపంతా పొద్దున్నే పోసీసినారు." ఆమె వేలు చూసుకుంది. "మూడోదాని తలకట్టు దాకా గీకినాను. ఆడు సెయ్యి లాగీసినాడు."

"ఎద్దు...?"

"కాదు. నానే."

గున్నమ్మ మోకాళ్ళు పట్టుకుని వంగి, నన్ను దగ్గరికి లాగి, మేస్త్రమ్మ కాళ్ళకు తానే తొడిగింది. లేసు తప్పుగా కట్టింది. ఆ తడి కాళ్ళతో నేను వ్యానుదాకా వచ్చాను.

ఇప్పుడు రోజూ మధ్యాహ్నం క్లాసుకు నన్నే తొడుక్కుని వెళ్తుంది. తారు రోడ్డు, మునిసిపాలిటీ కాలువ, భవనం గుమ్మం. జలపాతాల కోసం పుట్టిన వాణ్ణి కాలువలు దాటుతున్నాను. గురువారం వెళ్ళి ఉంటే పేరు పూర్తిగా ఉండేదని ఆమె ఎవరితోనూ అనదు. నేను అంటాను, నాకు మొహమాటం లేదు. మంగతాయమ్మ ఇంకా వీధిలో అందరికీ ఎదురొస్తోంది.

సిమెంటు ఆమె గోటి కింద మూడు రోజులుంది. నాలుగో రోజు పెన్ను తీసుకుని, నా లేసుల కింద నాలుకలా ఉండే గుడ్డ మీద, నెమ్మదిగా తన పేరు రాసింది. చక్కిలిగింత పెట్టింది. అదే పేరు ఈ కిందా రాస్తోంది. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి, ఆమె లేవడం లేదు. మెట్టు మీది రెండక్షరాలే కాదు, నాలుగూ ఉన్నాయి. లెక్కపెట్టుకోండి.

సూరీడమ్మ
వయసు అరవై మూడు
నీళ్ళ ట్యాంకు వెనక రెండో ఇల్లు, సాలూరు